ఉత్తరమునకు ఊరు సాక్ష్యము

ఏలూరునకు రెండు విధముల వ్రాత చాలకాలము నడిచినది. మనవారు ఏలూరు అని వ్రాయగా ఇంగ్లీషువారు తమ కాగితములలో ‘ఎల్లోర్’ అని వ్రాసిరి. కావ్యభాషపై మక్కువ గలవారు హేలాపురి యనిరి. అట్లే విజయవాడ దొరల వ్రాతలో బెజవాడ. మచిలీపట్టణము ఒకరికి మసూలిపటాం, మరియొకరికి బందరు. ఒక్క ఊరికి ఇన్ని పేర్లుండగా ఉత్తరములు విడదీయు తపాలా ఉద్యోగి ఏమి చేయవలెను? అక్షరములను మాత్రమే చూచువాడైనచో ‘ఎల్లోర్’ అని యున్న కవరును ఎల్లోరా గుహల దారి పట్టించును. అక్షరములు వేరైనను ఊరు ఒకటే యని గ్రహించువాడు దానిని ఏలూరు సంచిలో వేయును.

ఈ చిన్న నేర్పు నేడు కంప్యూటర్లకు గూడ కావలసి వచ్చినది. ఈ-మెయిలు ద్వారా వచ్చిన ఉత్తరమును నిజముగా దానిపై పేరు గలవాడే పంపెనా యని తేల్చుటకు, అది ఏ చిరునామా గల యంత్రము నుండి వచ్చినదో చూతురు. ఆ యంత్రముల చిరునామాలు నేడు రెండు తీరులుగా నున్నవి. వానిని సరిగా పోల్చలేనిచోట నిజమైన ఉత్తరము తిరుగుముఖము పట్టును. దొంగ ఉత్తరము దర్జాగా లోనికి వచ్చును. ఈ రెండును సామాన్య గృహస్థునకు నష్టము కలిగించునవే. కనుక ఈ పరీక్ష ఎట్లు పుట్టినదో, ఎచ్చట చిక్కుపడినదో, ఆ చిక్కు ఎట్లు విడినదో మా శ్రోతలకు మనవి చేయుదుము.

పంపినవాడెవరను ప్రశ్న తపాలా వ్యవస్థయంత పాతది. 1854వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ నుండి భారతదేశమంతటికిని ఒకే తపాలా రుసుము అమలునకు వచ్చినది. అర్ధణా బిళ్ల అంటించిన తేలిక ఉత్తరము దేశములో ఎంత దూరమైనను పోయెడిది. ఆ బిళ్లపై కొట్టు ముద్ర రెండు పనులు చేసెను. బిళ్లను మరల వాడకుండ చేయుట మొదటిది. ఉత్తరము ఏ ఊరి తపాలా కార్యాలయమున ఏనాడు పడినదో చెప్పుట రెండవది. లోపలి సంతకము ఎవరిదైనను కావచ్చును. మన దేశమున ఆకాశరామన్న ఉత్తరములకు ఎన్నడును కరవు లేదు. కాని ముద్ర మాత్రము వ్రాసినవాని చేతిలో లేదు. అందుచేతనే అనుమానము కలిగినవారు మొదట కవరును త్రిప్పి ముద్రను చూచెడివారు.

మాకును ఈ అనుభవము కలదు. ఒకప్పుడు పాటలు కోరుచు వచ్చిన కార్డులలో కొన్నింటిపై కైకలూరు, ఆకివీడు, భీమడోలు అని ఊళ్ల పేర్లున్నవి. చేతివ్రాత ఒకటే, ముద్రలన్నియు ఏలూరువే. ఒక్కరే ఇన్ని పేర్లతో వ్రాయుచున్నారని తలచి మేము ఆ కట్టనంతయు ప్రక్కన పెట్టితిమి. తరువాత తెలిసినదేమన, వానిలో ఒక కార్డు నిజముగా కొల్లేటి లంకలోని ఒక పెద్దమ్మది. ఆమెకు వ్రాత రాదు. ఏలూరు సంతకు వచ్చినప్పుడు అచ్చటివానిచేత వ్రాయించి అచ్చటనే డబ్బాలో వేయించినది. ముద్ర అబద్ధమాడలేదు, దానిని చదివిన మేమే పొరబడితిమి. సాక్ష్యము నిజమైనను, దానిని పోల్చు విధము సరికానిచో నిర్దోషికి శిక్ష పడునని మాకు అప్పుడు బోధపడినది.

చిరునామా రూపములో చరిత్ర దాగియుండును. 1972 ఆగస్టు 15వ తేదీన మన దేశమున ఆరంకెల పిన్ కోడు వచ్చినది. ఏలూరునకు 534001, తాడేపల్లిగూడెమునకు 534101, ఆకివీడునకు 534235 అనునవి ఏర్పడినవి. ఈ మూడును పశ్చిమగోదావరి జిల్లాలోనివి గనుక మొదటి మూడంకెలు ఒకటే. కొల్లేటికి ఆవలనున్న కైకలూరు అప్పుడు కృష్ణాజిల్లాలోనిది. దాని సంఖ్య 521333. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏలూరు జిల్లా ఏర్పడగా కైకలూరు అందులో చేరినది. ఆకివీడు, తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలోనే నిలిచినవి. అంకెలు మాత్రము మారలేదు. అంకెలు చూచి జిల్లాను ఊహించువాడు ఇచ్చట తప్పక పొరబడును. ఏ చిరునామానైనను దాని నియమము ననుసరించియే చదువవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇక కంప్యూటరు ఉత్తరముల సంగతి. 1971లో అమెరికాలోని అర్పానెట్ అను వలపై రే టామ్లిన్సన్ ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ఉత్తరము పంపెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ‘ఎట్’ గుర్తు నుంచినది ఆయనయే. ఆ యేడే ఏప్రిలులో, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి అమెరికా వెళ్లిన అభయ్ భూషణ్ దస్త్రములను యంత్రము నుండి యంత్రమునకు పంపు నియమములను వ్రాసెను. తొలిదినములలో ఉత్తరములు ఆ దారినే నడిచినవి. ఇట్టి నియమపత్రములకు ఆర్.ఎఫ్.సి. అని పేరు, ఒక్కొక్కదానికి ఒక క్రమసంఖ్య యుండును. భూషణ్ పత్రము 114వది.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ వ్రాసిన 821వ పత్రము ఉత్తరములకే ప్రత్యేకమైన పద్ధతిని నెలకొల్పెను. నేటికిని ఈ-మెయిలు దాని పునాదిపైననే నడుచుచున్నది. ఇందులో పంపు సర్వరు వచ్చి, ‘ఈ ఉత్తరము ఫలానావారిది’ అని చెప్పును. అందుకొను సర్వరు ‘సరే’ యనును. పైకవరుపై ఒక పేరు, లోపలి లేఖపై మరియొక పేరు ఉండవచ్చును. రెంటిని పరీక్షించు ఏర్పాటు లేదు. అప్పుడు ఆ వలలో నున్నవారు విశ్వవిద్యాలయములవారు, పరిశోధకులు. ఉత్తరము చేరుటయే ఒక వింతగా నున్న కాలమున దొంగ ఉత్తరమును గూర్చి ఆలోచించువారు తక్కువ.

ఐనను ఆ వలలో గూడ 1978 మే నెలలోనే ఒక కంప్యూటరు సంస్థ ఉద్యోగి సుమారు 400 మందికి ఒక్కమారుగా అమ్మకపు ప్రకటన పంపి అందరి ఆగ్రహమునకు గురియైనాడు. తరువాత వల లోకమంతయు వ్యాపించినది. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సదుపాయమును ప్రారంభించినది. వ్యాపారము వచ్చినది, దానివెంట మోసమును వచ్చినది.

మోసము ఎట్లుండునో చూడుడు. తాడేపల్లిగూడెములో ఉల్లిపాయల టోకు వ్యాపారి ఒకరున్నారనుకొందము. ఆయనకు సరకు పంపు మహారాష్ట్ర వర్తకుని పేరుతో ఈ-మెయిలు వచ్చినది: ‘మా బ్యాంకు ఖాతా మారినది, ఈసారి పైకమును ఈ క్రొత్త ఖాతాకు పంపుడు’ అని. పేరు సరిగానే యున్నది. లెక్కలును సరిగానే యున్నవి. వ్యాపారి పైకము పంపెను. నాలుగు దినములకు అసలు వర్తకుడు ఫోను చేసి సొమ్మేదని అడిగెను. ఒక్క ఉత్తరముతో ఒక సాలు లాభము పోవచ్చును. ఇట్టిది రైతునకు, విద్యార్థి తండ్రికి, పింఛనుదారునకు గూడ సంభవింపవచ్చును.

దొంగ దేనినైనను వ్రాయగలడు గాని తన యంత్రము చిరునామాను తేలికగా దాచలేడు. ఏలన, రెండు సర్వర్ల నడుమ సంభాషణ సాగవలెనన్న, అందుకొనువాని ప్రతి బదులును పంపువాని నిజమైన చిరునామాకు చేరవలెను. అబద్ధపు చిరునామా చెప్పినచో బదులు మరియొక చోటికి పోయి సంభాషణ ఆగిపోవును. కంప్యూటరు లోకమున తపాలా ముద్ర ఇదియే.

ఈ ముద్రను వాడుకొను ఆలోచన 2002లో పాల్ విక్సీ, 2003 నాటికి జర్మనీకి చెందిన హద్మత్ డానిష్ మొదలగువారు వెలువరించిరి. వానిని కలిపి మెంగ్ వెంగ్ వాంగ్ ఒక రూపము తెచ్చెను. దానికి ఎస్.పి.ఎఫ్. అని పేరు. ‘ఎట్’ గుర్తు తరువాత నుండు పేరును డొమైను అందురు. ఆ డొమైను సొంతదారు అందరును చూడగల నామసూచికలో ఒక పంక్తి ప్రకటించును: ‘మా పేరుతో ఉత్తరములు పంపుటకు ఈ చిరునామాలు గల యంత్రములకే అధికారము, మిగిలినవారిని నమ్మవలదు’ అని. అందుకొను సర్వరు వచ్చిన యంత్రము చిరునామాను ఆ పట్టికతో పోల్చును. పట్టికలో నున్నచో ఉత్తీర్ణము. లేనిచో సొంతదారు చెప్పిన ప్రకారము అనుమానమో తిరస్కారమో.

2004లో దీనిని సర్వసమ్మతముగా చేయుటకు ఏర్పడిన సంఘము పేటెంటు తగవులలో చిక్కి ఆ యేడే సెప్టెంబరులో ముగిసినది. ఐనను పద్ధతి నిలిచినది. 2006 ఏప్రిలులో ప్రయోగాత్మకముగా 4408వ పత్రముగాను, 2014 ఏప్రిలులో పూర్తి ప్రమాణపు దారిలో 7208వ పత్రముగాను వెలువడినది.

ఇంతవరకు కథ సులభము. కాని యంత్రముల చిరునామాలే మారిపోవుచున్న కాలమున ఈ పరీక్ష పుట్టినది. 1981 సెప్టెంబరులో నిర్ణయమైన ఐ.పి. నాలుగవ కూర్పు 1983 జనవరి 1న అర్పానెట్‌లో అమలునకు వచ్చినది. అందులో చిరునామా యనగా చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు. 192.0.2.25 అనునది ఉదాహరణ. ఇట్టివి మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. అప్పటికి అది సముద్రము వలె తోచినది, తరువాత చెరువైనది. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర భాండారమునందలి చివరి ఐదు ఖండములను ప్రాంతీయ సంస్థలకు పంచి చేతులు దులుపుకొనిరి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతమునకు ఏప్రిలు 15 నుండి పొదుపు పంపకము ప్రారంభమైనది.

ఈ కొరతను ముందే ఊహించి 1995 డిసెంబరులో ఆరవ కూర్పును ప్రకటించిరి. ఇందులో చిరునామా 128 బిట్లు; పాతది 32 బిట్లే. మొత్తము చిరునామాలు 34 తరువాత 37 సున్నలు పెట్టినన్ని. వ్రాత తీరును వేరు: విసర్గ వంటి జంట చుక్కలతో విడదీసిన ఎనిమిది భాగములు. మన టెలికాం శాఖ 2010 జూలైలో ఈ మార్పునకు ప్రణాళిక ప్రకటించినది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిమ్మట ఆరవ కూర్పు వాడుకలో భారతదేశము లోకమున ముందు వరుసకు వచ్చినది. కొల్లేటి గట్టున చేపల ధర విచారించు చేతి ఫోనులలో అనేకములు ఆ చిరునామాలతోనే నడుచుచున్నవి.

పాతది తీసి క్రొత్తది పెట్టుట ఒక్క రాత్రిలో జరుగునది కాదు. కనుక రెండును ప్రక్కప్రక్కనే నడుచుచున్నవి. మా ఏలూరు సీమవారికి ఇది క్రొత్త గాదు. కాటను దొర ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన తరువాత గోదావరి కాలువయు కృష్ణ కాలువయు ఏలూరులో కలిసినవి. రెండు నదుల పడవలు అచ్చటికి వచ్చెడివి. నీటిమట్టము మారిన చోట లాకు తలుపులు మూసి, నీరు సమము చేసి, పిదప పడవను వదలెడివారు. మట్టము చూడక తలుపు తీసినచో పడవకు ప్రమాదము. రెండు చిరునామాల సంధియందును ఇట్టి లాకు కావలెను. అది లేనిచోట నాలుగు విధముల తప్పులు జరిగినవి.

మొదటిది, పట్టికలో క్రొత్త చిరునామా లేకపోవుట. ఏలూరు తివాచీలు విదేశములకు పోవుట పాతకాలపు మాట. అట్టి తివాచీల వర్తకుడొకడు తన డొమైను పట్టికలో నాలుగవ కూర్పు చిరునామాను మాత్రమే వ్రాసి, ‘మిగిలినవన్నియు తిరస్కరింపుడు’ అని ముగించెననుకొందము. కొంతకాలమునకు ఆయన సర్వరునకు ఆరవ కూర్పు చిరునామా గూడ వచ్చినది. రెండు దారులున్నప్పుడు యంత్రములు సాధారణముగా క్రొత్త దారినే ముందు పట్టును. విదేశపు కొనుగోలుదారుని సర్వరు పట్టిక చూచినది. వచ్చిన చిరునామా అందులో లేదు. ఉత్తరమును త్రిప్పి పంపినది. వర్తకుడు దొంగ కాడు. ఆయన ఆజ్ఞయే ఆయనకు అడ్డు తగిలినది. పాత చిరునామాను తెలుపు పదము క్రొత్త చిరునామాకు ఎన్నడును సరిపోదని ఎస్.పి.ఎఫ్. నియమము. సొంతదారు రెంటిని విడివిడిగా ప్రకటింపవలసినదే.

రెండవది, ఒకే చిరునామాకు రెండు వ్రాతలు. ఆరవ కూర్పులో వరుసగా వచ్చు సున్నలను కుదించి వ్రాయవచ్చును. 0:0:0:0:0:0:0:1 అన్నను, ::1 అన్నను ఒకటే. అక్షరమునకు అక్షరము పోల్చు యంత్రమునకు ఇవి రెండు ఊళ్లు. ఏలూరు, ఎల్లోర్ సంగతి మరల వచ్చినది. 2010 ఆగస్టులో 5952వ పత్రము ఒకే వ్రాతను సిఫారసు చేసినది. అయినను వ్రాతను గాక దాని వెనుకనున్న 128 బిట్లను పోల్చుటయే సరియైన మార్గము.

మూడవది, పాత చిరునామా క్రొత్త వేషమున వచ్చుట. కొన్ని సర్వర్లు రెండు దారులకును ఒకే వాకిలి పెట్టును. అప్పుడు పాత దారిన వచ్చిన అతిథిని గూడ క్రొత్త తీరుననే నమోదు చేయును: మొదట 80 సున్న బిట్లు, పిదప 16 ఒకట్లు, చివర పాత చిరునామా యొక్క 32 బిట్లు. పరీక్షించువాడు ఈ వేషమును చూచి, ఇది ఆరవ కూర్పు చిరునామా యని భ్రమించినచో పట్టికలోని పాత చిరునామాతో పోల్చనే పోల్చడు. ఎస్.పి.ఎఫ్. పత్రములు రెండును ఇచ్చట స్పష్టముగా శాసించినవి: అట్టిదానిని నాలుగవ కూర్పు చిరునామాగానే తీసికొనవలెను. కండువా మార్చినంత మాత్రమున మనిషి మారడు గదా.

నాలుగవది అన్నిటికంటె అపాయకరము. పట్టికలో ఒక చిరునామానే గాక ఒక ఖండమును గూడ వ్రాయవచ్చును. మొదటి ఎన్ని బిట్లు సరిపోవలెనో గీత పెట్టి సంఖ్య చెప్పుదురు. పాత తీరులో 32 అన్నచో చిరునామా యంతయు సరిపోవలెను, అనగా ఒక్క యంత్రమే. అదే అలవాటున క్రొత్త చిరునామా ప్రక్కన గూడ 32 అని వ్రాసినచో, మిగిలిన 96 బిట్లు ఏవైనను చెల్లును. ఒక్క యంత్రమునకు ఈయదలచిన అధికారము ఒక ఇంటర్నెట్ సంస్థ ఖాతాదారులందరికిని పోవును! క్రొత్త తీరులో ఒక్క యంత్రమునకు 128 అని వ్రాయవలెను. మొదటి మూడు తప్పులలో సత్పురుషుడు వెలుపల నిలిచెను; ఇందులో దొంగకు తలుపు తెరచియుంచినట్లైనది.

ఈ నాలుగింటిని కలిపి చూచినచో మూలము ఒకటే. పరీక్షించువాడు చిరునామాను చూచుటకు మారుగా దాని వ్రాతను చూచుచున్నాడు. కార్డుల కట్టను ప్రక్కన పెట్టిన నాడు మేము చేసిన పొరపాటును ఇట్టిదే.

ఆరవ కూర్పు మరియొక పాఠము గూడ నేర్పినది. పూర్వము చెడ్డ యంత్రముల చిరునామాలను జాబితాగా వ్రాసి అందరును చూచుకొనెడివారు. క్రొత్త తీరులో ఒక్క ఇంటికి సామాన్యముగా నిచ్చు ఖండమునందే 18 తరువాత 18 సున్నలకు మించిన చిరునామాలుండును. దొంగ ఉత్తరమునకొక చిరునామా మార్చినను తరగదు. ఇట్టివానిని ఏ జాబితా పట్టగలదు? కనుక ఊరితోపాటు సంతకమును గూడ పరీక్షించు పద్ధతి బలపడినది. 2007 మేలో ప్రమాణమైన డి.కె.ఐ.ఎం. పద్ధతిలో డొమైను సొంతదారు ఉత్తరముపై గణితరూపమైన ముద్ర వేయును. నడుమ నెవరైన మార్చినచో అది చెడును. ఒకచోటికి వచ్చిన ఉత్తరమును మరియొక చోటికి మళ్లించినప్పుడు ఊరి సాక్ష్యము తప్పును గాని ఈ ముద్ర సామాన్యముగా నిలుచును. పైకవరు పేరును లోపలి లేఖ పేరును సరిపోవలెనను డి.మార్క్ పద్ధతి 2012 జనవరిలో ప్రకటితమై 2015 మార్చిలో పత్రముగా వెలువడినది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో ఉత్తరములు పంపువారినుండి ఈ మూడు రుజువులను గోరుచున్నవి.

ఇన్ని యేర్పాట్లున్నను ఒక మాట మరువరాదు. ఈ పరీక్షలన్నియు ఉత్తరము ఎచ్చటిదో చెప్పును గాని పంపినవాడు మంచివాడో కాడో చెప్పవు. దొంగ తన సొంత డొమైను కొని, అసలు పేరులో ఒక్క అక్షరము మార్చి, పట్టిక చక్కగా వ్రాసికొన్నచో అన్ని పరీక్షలలోను ఉత్తీర్ణుడగును. కనుక పైకము విషయమున ఖాతా మారినదని ఉత్తరము వచ్చినప్పుడు, ఆ ఉత్తరములోని సంఖ్యకు గాక, మీరు పూర్వము నుండి ఎరిగిన సంఖ్యకే ఫోను చేసి విచారింపుడు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు తెలుపుడు.

డొమైను గల సంస్థలవారికి, కళాశాలలవారికి, వర్తకులకు మా మనవి మరియొకటి. మీ సర్వరునకు క్రొత్త చిరునామా వచ్చిననాడే మీ పట్టికను తెరచి చూడుడు. ఇల్లు మారినవాడు తపాలా బంగళాలో చెప్పి రావలెను. లేనిచో ఉత్తరము చేరలేదని ఇతరులను నిందించి లాభము లేదు. తాడేపల్లిగూడెములో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అచ్చట చదువు పిల్లలలో కొందరు రేపు ఈ పరీక్షా యంత్రములను నిర్మింపవచ్చును. వారికి పాఠము నేర్పుటకు దూరము పోనక్కరలేదు. ప్రక్కనే ఏలూరున్నది, దానికి ఎల్లోర్ అను పేరుండెను. ఆ రెండు పేర్లును ఒకే సంచిలో వేసిన తపాలా ఉద్యోగి వలన ఎన్ని యిండ్లకు ఎన్ని కబురులు క్షేమముగా చేరినవో!